ఉగ్గుపాలతో ఐక్యూ

ఒషావాలో తొమ్మిది నెలల తెలుగు బిడ్డ ఆకలేస్తే ఏడవకూడదు. ఏడుపు పాతకాలం పద్ధతి, పైగా దానికి సిలబస్ లేదు. పిడికిలి మూసి తెరిచి చూపాలి, అంటే పాలు. రెండు చేతుల వేళ్ల కొసలూ దగ్గరికి చేర్చి తట్టాలి. అంటే ఇంకా కావాలి. అరచేతులు రెండూ గాల్లో తిప్పాలి. అంటే చాలు, అయిపోయింది. ఈ మూడూ పట్టుబడితే మొదటి సెమిస్టర్ గట్టెక్కినట్టే. ఆ వీడియో సాయంత్రానికి ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది, అక్కడ తెల్లవారేసరికి కరీంనగర్‌లో తాతగారి ఫోనులో మోగుతుంది. మనవడు అమెరికన్ సైన్ లాంగ్వేజ్ మాట్లాడుతున్నాడని తాతగారు వాకింగ్‌లో ఎదురుపడ్డ ప్రతివారికీ చెబుతారు. మాట్లాడేది మూడు ముక్కలేననీ, మూడూ తిండి గొడవేననీ ఎవరూ అనరు.

ఒషావా టొరంటోకు తూర్పున, అంటారియో సరస్సు ఒడ్డున ఉంది. జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ పేరు చెప్పుకుని పెరిగిన ఊరు. టొరంటోలో ఇల్లు కొనలేని మనవాళ్లు గో ట్రైనెక్కి, లేక్‌షోర్ తూర్పు లైను ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగి, ఇక్కడ స్థిరపడ్డారు. కెనడాలో తల్లికి ప్రసూతి సెలవు భత్యం 15 వారాలు. ఆపైన బిడ్డను పెంచుకోవడానికి, పొడుగాటి రకం ఎంచుకుంటే, ఒక్కరికే 61 వారాల దాకా వస్తుంది. చక్కటి ఏర్పాటే. కాని డిసెంబరులో కిటికీ అవతల మంచు, ఇవతల చంకలో పసిబిడ్డ. భర్త ఆఫీసులో. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు. అంత తీరిక, అంత ఒంటరితనం ఒక్కచోట చేరితే పసివాళ్లకు సైగలు నేర్పే కోర్సులమ్మేవాడికి పంట పండినట్టే. ఆ తల్లిని నేను ఎగతాళి చెయ్యను. ఆమెకు కావలసింది వారానికోసారి ఇంకో నలుగురు తల్లుల ముఖాలు, వేడిగా ఒక కాఫీ. కోర్సువాళ్లు ఆమెకు అమ్మింది మేధస్సు.

సైగలు నేర్పితే పిల్లలు తొందరగా మాట్లాడతారట. మారాం చెయ్యరట. ఐక్యూ పెరుగుతుందట, అదీ ఏదో గాలివాటుగా కాదు, లెక్కప్రకారం 12 పాయింట్లు. ఈ పన్నెండు ఎక్కడ పుట్టిందో చూస్తే సరదాగా ఉంటుంది. కాలిఫోర్నియాలో లిండా ఆక్రెడోలో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలి కూతురు, ఏడాది పిల్ల, పువ్వు కనబడినప్పుడల్లా ముక్కు ఎగబీల్చి వాసన చూస్తున్నట్టు చేసేది. మాట రాని పాప పువ్వును అలా పిలుచుకుంటోందని తల్లికి తట్టింది. మన ఇళ్లలో అయితే అమ్మమ్మ మెటికలు విరిచి దిష్టి తీసేది, సంగతి అక్కడితో ముగిసేది. ఈవిడ సుజాన్ గుడ్విన్‌తో కలిసి దానిమీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1996లో 'బేబీ సైన్స్' అనే పుస్తకం తెచ్చింది. సైగలు నేర్చిన పిల్లలకు ఎనిమిదేళ్ల వయసులో ఐక్యూ సగటున 12 పాయింట్లు ఎక్కువ తేలిందని 2000లో ఒక సదస్సులో చెప్పారు. సదస్సులో చెప్పిన మాటను తోటి శాస్త్రజ్ఞులు చీల్చి చూశాక పత్రికలో అచ్చు కావాలి. ఈ పన్నెండుకు అంత ఓపిక లేకపోయింది. నేరుగా బ్రోషర్లలోకి దూకేసింది. 2004లో 'మీట్ ద ఫోకర్స్' సినిమాలో రాబర్ట్ డి నీరో అంతటివాడు తాతగా మనవడికి సైగలు నేర్పేసరికి ఇక అడ్డేముంది?

అడ్డు చెప్పినవాళ్లు కెనడాలోనే ఉన్నారు. 2005లో ఒటావా, వాటర్‌లూ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ముగ్గురు, అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చినవాటిలో పనికొచ్చే 17 నివేదికలు ఏరి, ఒక్కొక్కటే విప్పి చూశారు. చాలావాటిలో సైగలవల్ల మేలు జరిగిందనే రాసి ఉంది. కాని ఆ మేలును కొలిచిన తీరులోనే లోపాలు. వాటిని నమ్ముకుని తల్లిదండ్రులకు ఏ హామీ ఇవ్వడానికీ వీల్లేదని తేల్చారు. వాటర్‌లూ ఒషావాకు కారులో రెండు గంటల దూరం. ఆ మాట ఇన్నేళ్లలో ఇంకా ఇక్కడికి చేరలేదు, పాపం, 401 హైవే మీద ట్రాఫిక్కు ఎక్కువ.

తరవాత 2013లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ కిర్క్ బృందం 40 మంది తల్లీబిడ్డలను, బిడ్డకు ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా కనిపెట్టి చూసింది. పిల్లలు సైగలు నేర్చుకున్నారు, అందులో అనుమానం లేదు. మాటలు మాత్రం సైగలు నేర్వని పిల్లలకు ఎప్పుడొచ్చాయో వీళ్లకూ అప్పుడే వచ్చాయి. తేడా కనబడింది తల్లుల్లో: సైగలు నేర్పిన తల్లులు బిడ్డ ముఖాన్ని, చేతుల్ని మరింత శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టారట. అంటే ఫీజు కట్టి సాధించింది, బిడ్డ వంక చూడడం. ఫోను పక్కన పడేస్తే ఆ కోర్సు ఉచితం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు, మాట ఆలస్యమయ్యే పిల్లలకు సైగలు నిజంగా ఊతమిస్తాయి. వాళ్లకు నేర్పే చికిత్సకులకు నమస్కారం. నా పేచీ అన్నీ సరిగ్గా ఉన్న పిల్లవాడిని ఐన్‌స్టీన్ చేస్తామనేవాళ్లతో. పసివాళ్లు సైగ చెయ్యడం ఎవరూ నేర్పక్కర్లేదు కూడా. ఏడాది నిండే వేళకు వేలు చాపి కుక్కను చూపిస్తారు, ఫ్యాను చూపిస్తారు. ముందు వేలు పోయిన వస్తువు దగ్గరికే వెనకాల మాట కూడా వస్తుందని సుజాన్ గోల్డిన్-మెడో, జానా ఐవర్సన్ 2005లో చూపించారు. వేలు చాపినప్పుడు పక్కన ఒక మనిషి ఉండి "అవున్రా, భౌ భౌ" అంటే చాలు.

కొన్ని ఇళ్లలో ఆ మనిషి ఉండనే ఉంది. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన నాన్నమ్మ. ఇప్పుడు ఒకసారి దిగితే అయిదేళ్లు ఉండొచ్చు కూడా. ఆవిడకు జేజికి దండం పెట్టించడం వచ్చు, ముక్కేది చెవేది అని అడగడం వచ్చు, చప్పట్లు, చెమ్మచెక్క, ఉప్పుమూట, కాకి పేరు చెప్పి బువ్వ మింగించడం, అన్నీ వచ్చు. సర్టిఫికెట్ మాత్రం లేదు. ఆవిడ బువ్వ పెడుతూ మనవడి చేత తారంగం ఆడిస్తుంది. వాడు సంబరంగా అరచేతులు తిప్పుతాడు. అటుగా వచ్చిన కోడలు "ఆల్ డన్ అంటున్నాడు అత్తయ్యా, బలవంతం చెయ్యకండి" అని సగం మిగిలిన గిన్నె తీసుకుపోతుంది. తారంగం బాగుందని మెచ్చుకోవడం లేదేమోననుకుని వాడు మరింత జోరుగా తిప్పుతాడు. చూశారా, ఎంత స్పష్టంగా చెబుతున్నాడో! టాటా సంగతి ఇంకా ఘోరం. ఆ వయసులో చాలామంది టాటా చెప్పాలంటే పిడికిలే మూసి తెరుస్తారు. చుట్టాలు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూంటే వీడు మర్యాదగా టాటా చెబుతాడు. పాలసీసా వస్తుంది. పూర్వం ఇలాంటివాణ్ని తిండిపోతు అనేవాళ్లు, ఇప్పుడు ఎక్స్‌ప్రెసివ్ అంటున్నారు.

ఇంత వరకూ నవ్వుకోవచ్చు. ఆపైన నాకు నవ్వు రావడం లేదు. "అత్తయ్యా, వాడితో ఎక్కువ తెలుగులో మాట్లాడకండి, డేకేర్‌కి వెళ్లాలి, కన్ఫ్యూజ్ అయిపోతాడు" అని చెప్పేది కూడా ఆ కోడలే. పక్కన కూర్చుని తలాడించేది ఆవిడ కన్న కొడుకే. ఇంగ్లీషు వల్ల పిల్లవాడు తికమకపడడు. అమెరికా సైగల వల్ల పడడు. నాన్నమ్మ తెలుగు ఒక్కటే వాడి బుర్రను పాడుచేస్తుంది! మాంట్రియాల్‌లో పీల్, లాంబర్ట్ రెండు భాషల పిల్లలు వెనకబడరని, కొన్ని పరీక్షల్లో ముందుంటారని 1962లోనే అచ్చువేశారు. అదే ఊళ్లో మెగిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లారా ఆన్ పెటిటో బృందం 2001లో ఇంకో అడుగు వేసింది: పుట్టుకతోనే ఫ్రెంచినీ క్యూబెక్ సైగ భాషనూ కలిపి నేర్చిన పిల్లలు, ఫ్రెంచి ఇంగ్లీషులు కలిపి నేర్చిన పిల్లలు, అందరూ మొదటి మాటను వేళకే చెప్పారు. కాని వాళ్లకు దొరికింది మూడు సైగల ప్యాకేజీ కాదు, తెల్లవారినప్పటినుంచి నిద్రపోయేదాకా ఇల్లంతా నిండిన భాష. ఒషావాలో ఆ పసివాడికి అలా దొరికే అవకాశం ఉన్నది తెలుగే. దాన్ని బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి, మంగళవారం పదకొండు గంటలకు స్ట్రోలరు తోసుకుంటూ క్లాసుకు బయల్దేరతారు.

ఆ క్లాసులో చెప్పని పాఠం ఒకటుంది. ఒషావా నుంచి 401 మీదే తూర్పుకు పోతే బెల్‌విల్ వస్తుంది. అక్కడ అంటారియో బధిరుల బడి 1870లో తెరిచారు. అదే ఏడాది అలెగ్జాండర్ గ్రాహం బెల్ కుటుంబం బ్రిటన్ నుంచి ఇదే రాష్ట్రంలోని బ్రాంట్‌ఫర్డ్‌కు చేరింది. టెలిఫోను బెల్‌గారే. ఆయన తల్లికి, భార్యకు చెవుడు; అయినా బధిర పిల్లలు నోటితోనే మాట్లాడాలి, బడిలో సైగలు ఉండకూడదని జీవితాంతం వాదించాడు. 1880లో మిలాన్‌లో బడిపంతుళ్లు మహాసభ పెట్టి అదే తీర్మానించారు. ఆ తరవాత దాదాపు ఒక శతాబ్దం పాటు ఎన్నో దేశాల్లో సైగ చేసిన పిల్లల చేతుల మీద దెబ్బలు పడ్డాయి, చేతులు కట్టేసిన బడులూ ఉన్నాయి. అంటారియోలో సైగ భాషలో పాఠం చెప్పవచ్చని చట్టం ఒప్పుకున్నది 1993లో. కెనడా చట్టం సైగ భాషలను బధిరుల ప్రధాన భాషలుగా గుర్తించింది 2019లో.

బధిర పిల్లల్లో అత్యధికులు పుట్టేది వినబడే తల్లిదండ్రులకే. వాళ్లలో చాలామందికి ఇప్పటికీ వచ్చే సలహా, "కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించారు కదా, సైగలు అలవాటు చెయ్యకండి, మాట రాదు" అని. హైదరాబాదులోనూ ఈ మాట వినబడుతుంది. చెవులు పనిచేసే బిడ్డ సైగ చేస్తే మేధావి, పనిచెయ్యని బిడ్డ సైగ చేస్తే బద్ధకస్తుడు. ఈ లెక్క ఎవరు కట్టారో గాని, వాళ్ల ఐక్యూకు పన్నెండు కలిపినా చాలదు.

కాబట్టి ఒషావా తల్లులారా, తండ్రులారా, నలుగురితో కలిసి కూర్చోవాలనిపిస్తే పసిపిల్లల కుటుంబాల కోసం ఎర్లీఆన్ కేంద్రాలు ఉన్నాయి, పైసా అడగరు. నాన్నమ్మనూ వెంట తీసుకెళ్లండి. ప్రసవం కాగానే అంటారియోలో చేసే వినికిడి పరీక్షను వాయిదా వెయ్యకండి. ఇక సైగ భాష మీద నిజంగానే మనసైతే, అది భాష కాబట్టి భాషలాగే నేర్చుకోండి, ముందు మీరు. కార్డు తీసి ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: పాఠం చెప్పేది బధిరులేనా? కాదంటే కార్డు మళ్లీ జేబులో పెట్టుకుని వచ్చెయ్యండి.