కొత్త వెర్షన్ దొరవారికి జనగామ నుంచి ఒక అర్జీ

అయ్యా,

దొరలకు అర్జీ పెట్టుకునే అలవాటు మా దిక్కు ఎప్పుడో పోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొరకు ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిననాడే దానికి నూకలు చెల్లాయి. దొర గడీ అయితే చుట్టుముట్టగలం, తమరిని ఎట్లా చుట్టుముట్టేది? మేం పడుకున్నాక వస్తారు, తెల్లారేసరికి మిషన్‌ను రీస్టార్ట్ చేసి కూర్చుంటారు. అందుకే ఈ కాగితం.

జనగామలో మాది చిన్న డీటీపీ సెంటర్. మానుకోట (మహబూబాబాద్)లో మేనమామ, భూపాలపల్లి బొగ్గుబాయిలో బావ ఉండబట్టి ఆ రెండు ఊళ్ల కార్డులూ మా దగ్గరికే వస్తాయి. మూలన ఒక విండోస్ ఎక్స్‌పీ డబ్బా ఉండేది. ప్రతి శనివారం దాంట్లోంచి బ్యాకప్ తీసి, డీవీడీ మీద మార్కర్‌తో తేదీ వేసి బీరువాలో పెట్టేవాణ్ణి. దసరాకు వాటికీ బొట్టు పెట్టాను. తిరిగి తెరిచి చూసింది మాత్రం ఒక్కనాడూ లేదు.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో కాలం తీరుతుందంటే షాపంతా ఒకేసారి మార్చేశాను. బ్యాకప్ ఉందిగదా అని ఎక్స్‌పీ డబ్బాను పాత సామానాయనకు వేశాను. నెల తిరక్కుండానే బావ ఫోన్: “బామ్మర్దీ, మా నాయన దశదినకర్మ కార్డు 2009ల నువ్వే కొట్టినవ్ గదా. దాంట్ల ఫొటో పెద్దది చేసియ్యి. మా దగ్గర ఒక్కటి గూడ లేదు.”

కొత్త మిషన్‌కు డీవీడీ పెట్టే సందే లేదు. బయటి డ్రైవ్ కొనితెచ్చాను. లోపల ఒకే ఒక్క ఫైలు, తోక బీకేఎఫ్. నొక్కితే, దీన్ని దేనితో తెరవమంటావని నన్నే అడిగారు తమరు. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే తెరనిండా చీమలు పారాయి. తర్వాత తెలిసింది: ఎక్స్‌పీలో ఆ మూట కట్టే పనిముట్టును విస్టాలోనే తీసేశారట. విప్పడానికి మాత్రం పనికొచ్చేది విస్టాకు ఒకటి, సెవెన్‌కు వేరొకటి ఇచ్చారట. మూట నా దగ్గర, ముడి తమరి దగ్గర!

అప్‌గ్రేడ్ మాకు కొత్త కాదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అయినా మా పాత సర్టిఫికెట్ మీద వరంగల్ అని ఉంటే కౌంటర్‌లో క్లర్కు తిప్పి పంపలేదు. “పాత జిల్లానా?” అని కళ్లద్దాలు సర్దుకుని చదువుకున్నాడు. అట్లాంటి క్లర్కును ఒకణ్ణి తమరి కొలువులోనూ ఉంచమనే నా మనవి.

ఫొటో దొరికింది లెండి. మేనమామ అటక మీద ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. బ్యాటరీ చచ్చింది, వైరు పెడితే నడిచింది. మూట అక్కడ విప్పి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. కార్డులో అక్షరాలు యూనికోడ్‌కు ముందటి ఫాంటువి, కాబట్టి ఆ ఫాంటు లేని కొత్త మిషన్‌లో బావ నాయన పేరు చైనా మందుసీసా మీది రాతలా వచ్చింది. మొహం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు మూటలు కట్టడం మానేసి ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టే కాపీ చేస్తున్నాను. నెలకొకటి తెరిచి చూస్తున్నాను. ల్యాప్‌టాప్ మేనమామకు తిరిగి ఇవ్వలేదు.

ఇట్లు,
తమరి పాత వెర్షన్ వాడకందారు,
జనగామ, పాత వరంగల్ జిల్లా.