నాలుగు సెకన్ల బతుకు

నేను బ్యాటరీని. టార్చిలైటులో దూరేదాన్ని కాను. మీ ఇంట్లో ఇన్వర్టర్ పక్కన కూర్చుని డిస్టిల్డ్ వాటర్ తాగేదాన్నీ కాను. ఢిల్లీలో, రోహిణి సబ్‌స్టేషన్‌లో ఉంటాను. టాటా పవర్ ఢిల్లీ డిస్ట్రిబ్యూషన్, ఏఈఎస్, మిత్సుబిషి కలిసి నన్ను నిలబెట్టాయి. 2019 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. నా శక్తి 10 మెగావాట్లు, నిల్వ 10 మెగావాట్ అవర్లు. పూర్తి జోరుతో ఇచ్చానంటే గంటలో ఖాళీ.

గ్రిడ్ స్థాయిలో దేశంలో నేనే మొదటిదాన్నని పేపర్లు రాశాయి. ఆ ఏడాదే లిథియం అయాన్ బ్యాటరీకి ప్రాణం పోసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ వచ్చింది. పుట్టిన ఏడాదే వంశానికి పేరొస్తే ఎవరికి మాత్రం పొగరు ఉండదు?

ఆ పొగరు 2024 జూన్ 19న దిగింది. ఆ రోజు ఢిల్లీ వాడకం 8,656 మెగావాట్లకు చేరింది. నా కడుపులో ఉన్నదంతా కుమ్మరిస్తే ఊరు ఎంతసేపు నడుస్తుందా అని లెక్కేసుకున్నాను. నాలుగు సెకన్లు! గాదె అనుకున్నది గుప్పెడు గింజలని తేలింది.

కానీ గ్రిడ్ దగ్గర ఎంత ఇచ్చామన్నది ఒక్కటే లెక్క కాదు, ఎప్పుడు ఇచ్చామన్నది కూడా లెక్కే. పుట్టే కరెంటు, వాడే కరెంటు ప్రతి క్షణం సరిపోవాలి. అప్పుడే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. ఎక్కడో థర్మల్ కేంద్రంలో పెద్ద యూనిట్ ట్రిప్పయి ఆగిపోతే ఆ ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. చల్లారిన బాయిలర్ మళ్లీ ఆవిరి పట్టాలంటే గంటలు కావాలి. నాకు బొగ్గూ లేదు, ఆవిరీ లేదు. లోపల అయాన్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జరిగితే చాలు, రెప్పపాటులో అందుకుంటాను. 2012 జులై 30, 31 తేదీల్లో గ్రిడ్లు కుప్పకూలి కోట్ల ఇళ్లు చీకటైనప్పుడు నేను ఇంకా పుట్టలేదు. ఉంటే ఆపేదాన్నని కోతలు కొయ్యను. ఆ బరువు నాలాంటి ఒక్కరు మోసేది కాదు.

నా రోజువారీ పని మా చుట్టుపక్కలదే. లోడు తక్కువున్నప్పుడు తాగుతాను. పేటలో ఏసీలన్నీ ఒక్కసారి మోగినప్పుడు కక్కుతాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గుతుంది. వంద యూనిట్లు తీసుకుంటే వంద తిరిగివ్వలేను, కొన్ని వేడిగా పోతాయి. ఎండంటే నాకు పడదు, నన్ను చల్లగా ఉంచడానికీ కరెంటే కావాలి. నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే ఏటేటా కడుపూ కాస్త కుదించుకుపోతుంది.

దాచే విద్య నాతో మొదలవలేదు. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల పెద్దన్న ఉన్నాడు. కిందికి వదిలిన నీటినే మళ్లీ పైకి తోడుకోగలడు. ఆయనకు కొండా కావాలి, కృష్ణా కావాలి. నాకు సబ్‌స్టేషన్‌లో కాస్త చోటుంటే చాలు.

కరెంటు పోతే పేటంతా తిడుతుంది. పోని రాత్రిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను పనిచేసేది ఆ రాత్రుల్లోనే.

2025లో ఢిల్లీలోనే, కిలోకరీలో, నాకో తమ్ముడు పుట్టాడు. 20 మెగావాట్లు, 40 మెగావాట్ అవర్లు. వాడు నాకంటే దిట్టం. మొన్నటి లెక్క మళ్లీ వేసి చూశాను. ఇద్దరం కలిస్తే ఇరవై సెకన్లు.