మా ఇంటి గుండప్ప

ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. కొత్త సంగతి ఏదైనా నా నోటి నుంచే నలుగురికీ తెలియాలి, అందులో ఉప్పూ కారం నా చేత్తోనే పడాలి. ఈ జబ్బు లేనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎత్తరని తెలుసు. అందుకే 2020 ఉగాది నాడు మా అమ్మ దగ్గర నేను చేసిన నిర్వాకం మీ దగ్గర కక్కేస్తున్నాను.

మాది కామసముద్రం. బంగారపేట నుంచి కుప్పం పోయే రైలుదారిలో ఉంటుంది. బయట కన్నడం, ఇంట్లో తెలుగు, టీవీలో జెమిని. మాకు దగ్గర్లోని కేజీఎఫ్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గనిలో పనిచేసిన మా పెదనాయన ఆ ఏడాదంతా నోరు విప్పి మాట్లాడింది తక్కువ. అదే ఏడాది నవంబరులో జెమినిలో 'అమృతం' సీరియల్ మొదలైంది. చేతిలో పైసా లేకుండా రాత్రికి రాత్రి కోటీశ్వరుడు కావాలని పథకాలేసే అమృతం, అద్దె కోసం ప్రాణం తీసే అప్పాజీ, 'అమృత విలాస్'లో సర్వం. పెదనాయన ఆదివారం రాత్రి మా ఇంటికొచ్చి, గోడకానుకుని కూర్చుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేవాడు. ఆ సీరియల్ తీసిన గుణ్ణం గంగరాజు గారికి మా ఇల్లంతా రుణపడి ఉందని నేను ఇప్పటికీ అంటాను.

అమృతం వేషం శివాజీరాజా వేశాడు, ఆ తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. మనిషి మారినప్పుడల్లా కొన్ని వారాలు గొణుక్కుని మళ్ళీ అలవాటు పడ్డాం. అమృతం జతగాడు ఆంజనేయులుగా మాత్రం 2007లో సీరియల్ అయిపోయేదాకా ఒక్కడే, గుండు హనుమంతరావు. మా అమ్మ నోట్లో ఆయన పేరు గుండప్ప. అమృతం ఏదో బ్రహ్మాండమైన ఉపాయం చెబుతుంటాడు. అది మునిగే వ్యవహారమని ఆంజనేయులికి ముందే తెలుసు. వద్దనలేడు, సరేననలేడు. కళ్ళు పెద్దవి చేసి, కింది పెదవి కాస్త వేలాడేసి, చివరికి స్నేహితుడి వెనకే నడుస్తాడు. ఆ ముఖం చూసినప్పుడల్లా అమ్మ అనేది: "జతగాడంటే వాడురా. మునిగేదానికైనా కూడా వస్తాడు."

ఆయన 2018 ఫిబ్రవరి 19న పోయారు. వార్త నేను ఫోన్‌లో చూశాను. అప్పుడు అమ్మకు ఒంట్లో బాగాలేదు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నేను తర్వాత చేద్దామనుకున్న పని ఈ జన్మలో ఒక్కటైనా జరిగిందా? అమ్మ కోలుకుంది. యూట్యూబ్‌లో పాత ఎపిసోడ్లు పెట్టమని రోజూ అడుగుతూనే ఉంది, నేను పెడుతూనే ఉన్నాను. ఆమె దృష్టిలో గుండప్ప హైదరాబాదులో సుఖంగా ఉన్నాడు.

ఇంతలో 'అమృతం ద్వితీయం' ఉగాదికి జీ5లో వస్తోందని తెలిసింది. ఆ మాట చెవిన పడ్డాక నేను ఆగుతానా! వంటింట్లోకి పరిగెత్తి, "అమ్మా, పండక్కి మళ్ళీ అమృతం! అందరూ వాళ్ళే, ఒక్కరు మారలేదు!" అన్నాను. ఆ చివరి రెండు ముక్కలు ఎవరూ అడగలేదు. చెప్పేటప్పుడు రుచిగా ఉన్నాయని కలిపాను. సాయంత్రానికల్లా అమ్మ వీధి వీధంతా చెప్పేసింది, గుండప్ప వస్తున్నాడని.

మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి లాక్‌డౌన్ అన్నారు. తెల్లారితే శార్వరి ఉగాది. గుడి లేదు, అంగడి లేదు, చెట్టుకింద పేకాట లేదు. బేవుబెల్లం నోట్లో వేసుకుని, ఓళిగలు నెయ్యిలో ముంచుకుని తిన్నాక పండగంతా నా ఒక్కడి చేతిలో మిగిలింది. ఇంటి లోపల సిగ్నల్ నిలవదు. నెలవంకను చూసి, పెద్దల కాళ్ళకు మొక్కి అందరం మిద్దె మీదే ఉండిపోయాం. ఇత్తడి చెంబుకు ఫోన్ ఆనించి, అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ సీరియల్ నేనే తీసినంత గర్వంగా నిలబడ్డాను.

హర్షవర్ధన్ కనిపించాడు, అమ్మ చప్పట్లు కొట్టింది. శివన్నారాయణ అప్పాజీగా వచ్చాడు, మళ్ళీ చప్పట్లు. నాకు గుర్తొచ్చింది అప్పుడే. ఆంజనేయులుగా వచ్చేది ఎల్బీ శ్రీరాం. వచ్చేశాడు. "ఎవురప్పా ఈయన?" అంది అమ్మ. ఇక్కడైనా నిజం చెప్పాలా వద్దా? "గుండప్పేనమ్మా, సన్నబడినాడు" అన్నాను. "ముక్కు కూడా సన్నబడిందా?" "మేకప్పు." "జుట్టెట్లా వచ్చింది?" "విగ్గు." ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతున్నాను, మా ఆవిడ వెనకనుంచి చొక్కా లాగుతోంది, నేను ఆగడం లేదు, అంతలో ఆయన నోరు విప్పాడు. ఎల్బీ శ్రీరాం గొంతు తెలుగుదేశంలో ఎవరికి తెలియదు! అమ్మ ఫోన్ వైపు చూడటం మానేసి నా వైపు తిరిగింది.

"అబ్బోడా, గుండప్ప ఉండాడా, లేడా?"

"పోయి రెండేండ్లయిందమ్మా."

అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నాకు ముందే చెప్పుంటే ఆ పొద్దే ఏడ్సుకునేదాన్ని కదరా. ఈ రెండేండ్లూ నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉండాది" అంది. మంచి కబురు చెప్పే గొప్ప నాకే కావాలనుకున్నాను, చెడ్డ కబురు మోసే బరువు మాత్రం నాకొద్దనుకున్నాను. ఆ రెంటి మధ్య అమ్మను పండగ పూట అందరి ముందూ ఏడిపించాను. అయినా ఆ నవ్వులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆయన నటించిందే మనం నవ్వాలని. ఆ మాట అమ్మకు చెప్పాను. ఆ పూట అడగకుండానే నేను చెప్పిన మొదటి నిజం అదే.

కాసేపటికి పాతది ఒకటి పెట్టమంది. పెట్టాను. గుండు హనుమంతరావు కళ్ళు పెద్దవి చేశాడు. అమ్మ ముక్కు చీదుకుంటూనే నవ్వింది, నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది అయిపోయాక ఫోన్ నా చేతికిచ్చి, "ఆ ఎల్బీ శ్రీరాంది కూడా పెట్టు. ఆయప్పదేం తప్పు, పాపం" అంది.