శాంతి రొట్టె ఎవరి దగ్గరుంది?

క్రికెట్ బ్యాటుతో శాంతి పండించొచ్చని మన పెద్దలు కనిపెట్టి చాలా ఏళ్లయింది. 1987లో పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ టెస్టు మ్యాచ్ చూస్తానంటూ జైపూర్‌లో దిగాడు. 2005లో అక్కడి అధ్యక్షుడు ముషారఫ్ ఢిల్లీ వచ్చి వన్డే చూశాడు. ఆ సిరీస్‌లోనే మన విశాఖలో ధోనీ 148 పరుగులతో పాకిస్తాన్ బౌలర్లను ఉతికి ఆరేశాడు. 2011లో రెండు దేశాల ప్రధానులూ మొహాలీలో కూర్చుని సెమీఫైనల్ చూశారు. చూసినవాళ్లు చూసినట్టే లేచి వెళ్లారు. శాంతి మాత్రం టాస్ దగ్గరే ఆగిపోయింది.

టాస్ దగ్గర కూడా లేదని 2025లో తేలింది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్లలో మా నెల్లూరు జిల్లావాడూ ఉన్నాడు. మేలో క్షిపణులు ఎగిరాయి. సెప్టెంబర్‌లో దుబాయ్‌లో ఆసియా కప్ వచ్చింది. పాకిస్తాన్‌తో ఆడేది లేదంటే అదొక లెక్క, జిల్లా అంతా చప్పట్లు కొట్టేది. ఆట ఆటే అంటే అదీ ఒక లెక్కే. కార్గిల్‌లో తూటాలు పేలుతుండగానే 1999 ప్రపంచకప్‌లో అజరుద్దీన్ జట్టు వాళ్లతో ఆడి గెలిచొచ్చింది. మనవాళ్లు మూడో లెక్క కట్టారు. ఆడతారట, చెయ్యి మాత్రం కలపరట. 14న, 21న, 28న, వారానికో మ్యాచ్ చొప్పున ఆ నిష్ఠ చెడకుండా కాపాడుకున్నారు.

మా ట్రంకు రోడ్డు టీకొట్టులో ఒక పెద్దాయన పేపర్ మడుస్తూ అడిగాడు.

"ఏంది సార్, అంత కోపముంటే మ్యాచే మానుకోవచ్చు గదా?"

"మ్యాచ్ మానుకుంటే ప్రకటనల డబ్బులు ఎవరిస్తారు పెద్దాయనా? చెయ్యి కలిపేటప్పుడు ప్రకటన పడదు. అందుకని దాన్ని త్యాగం చేశారు."

"అట్టనా! ఖర్చులేని త్యాగమన్నమాట" అని గ్లాసు కింద పెట్టాడు.

ఫైనల్లో మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 పరుగులతో చివరిదాకా నిలబడి గెలిపించాడు. కప్పు ఇవ్వడానికి మొహ్సిన్ నఖ్వీ సిద్ధంగా నిలబడ్డాడు. పాకిస్తాన్ హోంమంత్రి ఆయనే, వాళ్ల క్రికెట్ బోర్డుకు పెద్ద ఆయనే, ఆసియా క్రికెట్ మండలికి అధ్యక్షుడూ ఆయనే. ఆటకూ రాజకీయానికీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆయన చేత్తో తీసుకోం అని వీళ్లు, నా చేత్తోనే ఇస్తానని ఆయన. చివరికి కప్పు లోపలికెళ్లిపోయింది. మనవాళ్లు వట్టి చేతులు పైకెత్తి ఫొటోలు దిగారు.

అదే ఏడాది జులైలో మా నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరిగింది. గట్టున బారా షహీద్ దర్గా. అందులో ఉన్నది కూడా యుద్ధంలో నేలకొరిగిన పన్నెండుమందే. నీళ్లలో దిగి, తలమీద కొంగు కప్పుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె అని ఒకటే కేకలు. బురఖా వేసుకున్నామె చేతిలోంచి బొట్టు పెట్టుకున్నామె సంతాన రొట్టె అందుకుని, ఒక ముక్క తుంచి అక్కడే నోట్లో వేసుకుంటుంది. ఎవరి చేత్తో తీసుకోవాలన్న పేచీ లేదు. ప్రసార హక్కులు కొన్నవాడూ లేడు.

అందుకని టీకొట్టులో నేనో సలహా పడేశా. వచ్చే ఏడు రెండు జట్లనూ తీసుకొచ్చి చెరువులో దింపుదాం, శాంతి రొట్టె అని ఒకటి మొదలుపెడదాం అన్నాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నెల్లూరోళ్లయ్యుండి ఇది తెలీదా సార్? కోరిక తీరినోడే మరుసటేడు రొట్టె తెచ్చి ఇయ్యాల. ఉద్యోగ రొట్టె ఇచ్చేదానికి ఉద్యోగం వచ్చినోడు ఉండాడు. వీసా రొట్టెకు వీసా వచ్చినోడు ఉండాడు. శాంతి వచ్చినోడిని ఒకణ్ణి పట్టుకురాండి, గట్టు మీద బోర్డు నా ఖర్చుతో పెట్టిస్తా."