హర్డిల్‌కో ఫ్లాష్‌బ్యాక్

మా పక్క ఫ్లాట్ రచయిత్రిగారు జన్మలో ఏ ఆటా ఆడలేదు. బడిలో పీటీ పీరియడ్ గంట కొట్టగానే కడుపునొప్పి వచ్చేదని ఆవిడే గర్వంగా చెబుతారు. అయినా ఆవిడ రాసే నవలలన్నీ క్రీడాకారిణుల ప్రేమకథలే. వారానికి మూడు భాగాలు ఫోన్లలోకి వదులుతారు. ఇంటర్ పిల్లలు క్లాసులో బల్ల కింద పెట్టుకుని మరీ చదువుతారట. ఈ మధ్య ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఇలాంటి రచయిత్రి ఒకరు ఉంటున్నారు. మా బ్లాకుకి దక్కింది ఈవిడ.

ఈ నవలల్లో నాయిక ఏ ఆట ఆడాలన్నది హీరో సౌకర్యాన్ని బట్టి తేలుతుంది. కొత్త నవల మొదలెడుతూ నన్ను సలహా అడిగినప్పుడు ఆ సంగతి నాకు తెలీదు.

"వెయిట్‌లిఫ్టింగ్ పెట్టండి. మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది" అన్నాను.

"అన్నీ తనే ఎత్తేస్తే ఇంక హీరో ఎవర్ని ఎత్తుకుంటాడన్నయ్యగారూ?"

"పోనీ బాక్సింగ్. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ ఛాంపియన్."

"ముక్కు వాచిన పిల్లని కవరు మీద ఎలా వేయించను?"

"బ్యాడ్మింటన్? మన సింధు..."

"అయిదడుగుల పదంగుళాలు! పక్కన నిలబెట్టాలంటే హీరో ఆరున్నర అడుగులుండాలి. వాడికి ప్రతి గుమ్మం దగ్గరా బొప్పే."

"చదరంగం? కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది."

"నాలుగ్గోడల మధ్య ఆట. వాన ఎక్కణ్ణుంచి తేను?"

చివరికి వంద మీటర్ల హర్డిల్స్ ఖాయమైంది. ఆరుబయలు, పైగా దూకినప్పుడల్లా జుట్టు ఎగురుతుంది. జుట్టు బిగించి కట్టుకుంటారని చెప్పబోయి ఊరుకున్నాను.

హీరో మాత్రం యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రాజశేఖరానికి మనవడి వరస. తాతగారి కారూ, హోదా, బెట్టూ వారసత్వంగా వచ్చాయి. మెడలో విజిల్ మాత్రం స్వార్జితం. పగలు కంపెనీ ఎండీ, సాయంత్రం కోచ్. చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది గానీ ఆమె కళ్ళలోకి చూస్తూ దాన్ని నొక్కడం మర్చిపోతాడు. నిజం స్టేడియంలో అయితే అలాంటి కోచ్‌కి రెండో వారం జీతం రాదు.

నాయిక శిక్షణ కూడా అలాగే ఉంటుంది. ఆమెకి చెమట పట్టదు, స్వేదబిందువులు మెరుస్తాయి. ఆకలెయ్యదు, గ్లాసుడు బత్తాయి రసంతో పొద్దుగూకుతుంది. దెబ్బ తగిలితే చీలమండకే తగులుతుంది. హర్డిలర్లకి తొడ వెనక కండరం పట్టేయడం మామూలని చెబితే రచయిత్రిగారు గొంతు తగ్గించి, "మా మావగారు కూడా చదువుతున్నారండీ" అన్నారు.

ఇక అసలు పరుగు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో 12.78 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు పెట్టిన దూరమే అది. మన నాయిక దాన్ని ఉగాదికి మొదలెట్టింది, దసరాకి అయిదో హర్డిల్ దగ్గరికొచ్చింది. ఉన్నవి పది హర్డిల్స్, ఒక్కోదాని మీద ఒక్కో ఫ్లాష్‌బ్యాక్. మొదటిదాని మీద బాల్యం, రెండోదాని మీద సవతితల్లి, మూడోదాని మీద హీరోతో తొలి తగాదా. నాలుగోదానికి కాలు తగిలి హర్డిల్ కాస్తా పడిపోయింది. ఇంకేముంది, పోటీలోంచి తీసేస్తారని గాల్లో ఉండగానే రెండు భాగాలు ఏడ్చింది. కావాలని పడగొడితే తప్పు గానీ, పొరపాటున తగిలి పడితే పోటీలోంచి తియ్యరని నేను చెప్పాను.

"పాఠకులంతా ఏడ్చేశాక ఇప్పుడా చెప్పడం?" అని నన్నే కోప్పడ్డారు.

మా మూడో అంతస్తులో ఒక అమ్మాయి నిజంగానే హర్డిల్స్ పరిగెడుతుంది. తెల్లారకముందే స్టేడియానికి వెళ్ళి, ఎనిమిదింటికి మోకాళ్ళ నిండా ఎర్రమట్టితో తిరిగొచ్చి, లిఫ్టు కోసం ఆగే తీరిక లేక ఉడికించిన గుడ్డు నములుతూ మెట్లెక్కేస్తుంది. ఒక ఆదివారం ఆ పిల్లని పట్టుకొచ్చి రచయిత్రిగారి ముందు కూర్చోబెట్టాను.

"పరిగెడుతున్నప్పుడు నీ మనసులో ఏముంటుందమ్మా?" అని ఆవిడ పెన్ను తీశారు.

"లెక్క ఆంటీ. మొదటి హర్డిల్ దాకా ఎనిమిది అడుగులు. అక్కణ్ణుంచి మధ్యలో మూడేసి. ఒకటి, రెండు, మూడు, దూకు. ఒకటి, రెండు, మూడు, దూకు."

"అంతేనా? ఎవరూ గుర్తుకు రారా?"

"వస్తే నాలుగో అడుగు పడిపోతుంది ఆంటీ."

రచయిత్రిగారి మొహం వెలిగిపోయింది. ఆ మాట రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశారు. ఇన్నాళ్ళకి ఆటలోకి ఆట వస్తోందని నేను పొంగిపోయాను.

ఆ వారం భాగం వచ్చింది. అయిదో హర్డిల్ దాటగానే నాయికకి హీరో గుర్తొచ్చాడు. నాలుగో అడుగు పడింది, పిల్ల పడింది, వెంటనే వాన కూడా పడింది. అవతల గీత దగ్గర నిలబడ్డ హీరో సూటూ బూటూ తడిసిపోతున్నా లెక్కచెయ్యకుండా, మిగిలిన అయిదు హర్డిల్సూ ఎదురునుంచి ఒక్కొక్కటే దూకుతూ వచ్చి ఆమెని ఎత్తుకున్నాడు. ఆ భాగానికి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు ఆవిడ ఏ భాగానికీ రాలేదట. మా ఇంటికి మైసూర్‌పాక్ పంపించారు.

మెట్ల మీద ఆ అమ్మాయి కనబడితే, చదివావా అని అడిగాను.

"చదివాను అంకుల్. అతను దూకినవి ఆడవాళ్ళ హర్డిల్స్, 83.8 సెంటీమీటర్లే. మగవాళ్ళవి 106.7. ముందు అవి దూకి రమ్మనండి, తర్వాత ప్రేమ సంగతి చూద్దాం" అని గుడ్డు నోట్లో వేసుకుని, రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి వెళ్ళిపోయింది.