కరివేపాకు మహలు

మిషిగన్‌లో సన్‌రూమ్ కట్టించుకోవడానికి కావలసినవన్నీ దొరుకుతాయి, ఒక్క సూర్యుడు తప్ప. నవంబరు వచ్చేసరికి గాలి కొరికేస్తూ ఉంటుంది గానీ గ్రేట్ లేక్స్‌లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా వచ్చే చలిగాలి దారిలో దొరికిన తడినంతా మబ్బులు చేసి తెచ్చి మా నెత్తిన పరిచిపోతుంది. ఆ పరుపు మళ్ళీ చుట్టేది మార్చిలోనే. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చలికాలంలో ఎదురుపడితే, "బాగున్నారా" అయ్యాక అడిగే రెండో మాట "మీ విటమిన్ డి ఎంతుంది?" అని.

అలాంటి చోట, ఇంటి వెనకున్న చెక్క డెక్కుకి చుట్టూ అద్దాలూ పైన కప్పూ వేసి సన్‌రూమ్ చేయాలని మా ఇంట్లో తీర్మానమైంది. ప్రతిపాదించింది మా ఆవిడ. ఎవరి కోసమయ్యా అంటే కరివేపాకు మొక్క కోసం.

ఈ దేశంలో కరివేపాకుకి ఉన్న మర్యాద వేరు. అది నారింజ, నిమ్మల కుటుంబంలోది. ఆ కుటుంబం మీద వాలే ఒక బుల్లి పురుగు ఫ్లోరిడా నారింజ తోటలకి తెగులు అంటించి నిలువునా ముంచింది. అందుకని ఇండియా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలో ఆవకాయ చూసి నవ్వి వదిలేసే ఆఫీసరు కూడా కరివేపాకు రెమ్మ కనబడితే నవ్వు ఆపేస్తాడు. ఇక్కడ దొరికే మొక్కలన్నీ చేతులు మారిన పిలకలే. మాది ట్రాయ్‌లో ఉన్న స్నేహితులిచ్చింది. ఇచ్చేటప్పుడు వాళ్ళావిడ అమ్మాయిని అత్తారింటికి పంపినన్ని జాగ్రత్తలు చెప్పింది. వేసవంతా డెక్కు మీద బ్రహ్మాండంగా ఉండేది. చలి పది డిగ్రీల సెల్సియస్‌కి దిగితే అలిగేది. హాల్లోకి మోసుకొస్తే రోజుకో గుప్పెడు చొప్పున ఆకు రాల్చి సంక్రాంతికి మోడయ్యేది. దాన్ని చూస్తూ మా ఆవిడ ఉప్మా చేసేది. ఆ ఉప్మా రుచి గురించి మేమెవరం మాట్లాడేవాళ్ళం కాదు.

డెక్కు వల్ల ఇతరత్రా ప్రయోజనం పెద్దగా లేదు. అమెరికావాళ్ళు దాని మీద గ్రిల్లు పెట్టుకుని మాంసం కాలుస్తారు. మా అత్తయ్యగారు ఒక వేసవిలో గుమ్మడి వడియాలు పెట్టారు. ఉడత ఒకటి కంచె మీద కూర్చుని ఆవిడ పని అయ్యేదాకా ఓపిగ్గా చూసి, ఆవిడ లోపలికెళ్ళగానే దిగి, వడియాన్ని రెండు చేతులతో పట్టుకుని అంచుల వెంట గుండ్రంగా కొరికి, పచ్చిమిరపకాయ ముక్క తగిలిన చోట ఆగి, దాన్ని మాత్రం ఉమ్మేసి, మళ్ళీ మొదలుపెట్టింది. అత్తయ్యగారు చీపురు పట్టుకుని వెళ్తే పక్క ఇంటి చెట్టెక్కి అక్కణ్ణుంచి తిట్టింది. మిగిలిన వడియాలు దోమలతో పంచుకున్నాం.

కాంట్రాక్టరు వచ్చి అన్నిటికంటే ముందు దిక్సూచి తీశాడు. నాకు ముచ్చటేసింది, ఈయనకీ వాస్తు తెలుసే అనుకున్నాను. ఆయన అడిగింది ఎండ గురించి. సన్‌రూమ్ దక్షిణానికి ఉండాలట. మేముండేది నలభై రెండో అక్షాంశం మీద. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇరవై నాలుగు డిగ్రీలకి మించి పైకెక్కడు, ఆ ఎక్కేది కూడా దక్షిణపు వైపే. మా డెక్కేమో పడమర చూస్తోంది. ఎందుకంటే ఇల్లు తూర్పు చూస్తోంది. ఎందుకంటే ఇల్లు కొనేటప్పుడు మా సిద్ధాంతిగారు వాట్సాప్‌లో "తూర్పు ముఖం తప్ప ఇంకోటి చూడొద్దు" అన్నారు. ఉత్తర ముఖం ఇల్లు ఒకటి చవగ్గా దొరికింది, అది కొనుంటే డెక్కు చక్కగా దక్షిణానికే వచ్చేది. నా పేరుబలానికి ఉత్తరం పడలేదు. వీధి గుమ్మంలో సూర్యోదయం ఉండాలని పట్టుబట్టినవాళ్ళు పెరట్లో ఎండ గురించి అడగరు.

అప్పటికి మా మావయ్యగారు తణుకు నుంచి ఆరునెలలకని వచ్చి ఉన్నారు. రోడ్లు భవనాల శాఖలో ఏఈగా రిటైరయ్యారు. అమెరికా ఇళ్ళు చూసిన దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. నడుస్తూ నడుస్తూ గోడ మీద వేలితో తట్టి, "బోలు" అనేవారు.

"ఏవండీ అల్లుడుగారూ, ఇన్ని డబ్బులు పోసి మళ్ళీ చెక్కతోనేనా? రెండు లారీల ఇటుక తోలిస్తే పోయేదానికి!"

"ఇక్కడంతేనండి మావయ్యగారూ."

"అగ్గిపెట్టెలు" అని ఆయన అటు తిరిగారు.

సిద్ధాంతిగారికి ప్లాను పంపాం. పడమర ఖాళీ తగ్గడం మంచిదే కానీ నైరుతి మూల పెరగకూడదు, గది నాలుగడుగులు ఉత్తరానికి జరగాలన్నారు. ఆ మాట కాంట్రాక్టరుకి చెప్పాను. ఆయన ప్లాను మీద పెన్సిలు ఆపి, "ఈ సెట్‌బ్యాక్ ఎవరిది? టౌన్‌షిప్‌దా, కౌంటీదా?" అన్నాడు.

"తణుకుది" అన్నాను. రాసుకున్నాడు.

ఆయన డెక్కు కిందకి దూరి టార్చిలైటు వేసి చూసి, బట్టలు దులుపుకుంటూ బయటికొచ్చి డెక్కు చాలా బాగుందన్నాడు. తీసేయాలన్నాడు. డెక్కు మనుషులు నిలబడటానికి వేసింది. గదంటే గోడలు, కప్పు, ఆ కప్పు మీద పేరుకునే మంచు. ఆ బరువు మోయడానికి పునాది నేలలోకి నలభై రెండు అంగుళాలు దిగాలి. మిషిగన్‌లో చలికి నేల అంత లోతు దాకా గడ్డకడుతుందని లెక్క. అంతకంటే పైన ఆపితే, నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా పునాదిని పైకి తోసేస్తుంది. "మూడున్నర అడుగులా!" అన్నారు మావయ్యగారు. అమెరికా మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే. మొత్తమ్మీద ఉన్న డెక్కుని గదిగా మార్చడమనే మా పథకంలో పాత డెక్కుది మిగిలింది అది ఉండే చోటు. సిద్ధాంతిగారి పుణ్యమా అని అందులోనూ నాలుగడుగులు పోయాయి.

తవ్వకానికి ముందు 811కి ఫోన్ చేయాలి, అది చట్టం. వాళ్ళొచ్చి భూమిలో ఏ గొట్టం ఎక్కడుందో జెండాలు గుచ్చి పోతారు. పొద్దున్నే మావయ్యగారు కాఫీ గ్లాసుతో బయటికెళ్ళి అలాగే నిలబడిపోయారు. పెరట్లో పసుపు జెండాలు, ఎర్ర జెండాలు, కాషాయానికి దగ్గర్లో ఇంకో రంగువి. "ఎలక్షన్లా ఇక్కడ?" అన్నారు. పసుపు గ్యాసుకి, ఎరుపు కరెంటుకి, నారింజరంగు కేబులుకి అని చెప్పాను. "మావైపు ఇవన్నీ ఒకే పెరట్లో ఉండాలంటే పొత్తు కుదరాలి" అని ఆయన జాగ్రత్తగా పసుపు జెండాల వెంటే నడిచి వెళ్ళారు.

గోతులు తవ్వారు. కాంక్రీటు పోసేముందు టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఖాళీ గోతుల్ని చూసి ఒప్పుకోవాలి. గొయ్యి చూడ్డానికి ఒక ఆఫీసరు, దానికి ఫీజు. మావయ్యగారి దృష్టిలో మాత్రం అంతకంటే ముందు జరగాల్సినది ఇంకోటుంది. ఆయన తెల్లవారుజామునే లేచి ఈశాన్యపు గోతిలో నవధాన్యాలు, పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు వేసి, అంచున కొబ్బరికాయ కొట్టారు. ఒక చెక్క చేతిలో ఉంది, రెండోది లోపలికి జారింది.

ఇన్‌స్పెక్టరు పెద్ద మనిషి. టేపు దింపి లోతు కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూశాడు. "అడుగున వదులు పదార్థం ఉండకూడదు" అన్నాడు. అది ఆయన రూలు పుస్తకంలో మాట, గట్టి నేల మీద తప్ప కాంక్రీటు పోయకూడదు. "అది పదార్థం కాదు, ప్రసాదం" అని నేను వివరించబోయాను. ఆయన కాసేపు ఆలోచించి, కొబ్బరి చెక్క తీసేయాలి, పూలు అభ్యంతరం లేదు, గింజలు మొలకెత్తుతాయా అని అడిగాడు. మూడున్నర అడుగుల కింద కాంక్రీటులో మొలకెత్తితే మేం గుడే కట్టాలని మావయ్యగారు తెలుగులో అన్నారు. నేను అనువాదం చేయలేదు. కాంట్రాక్టరు పొడుగాటి పారతో కొబ్బరి చెక్క బయటికి తీశాడు. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ మిగిలిన చెక్కలోంచి ఒక ముక్క తిన్నాడు.

తర్వాత అద్దాలమ్మే అమ్మాయి వచ్చింది. "మూడు కాలాల గదా, నాలుగు కాలాల గదా?" అని అడిగింది. మూడు కాలాలదైతే వేడి ఏర్పాటు ఉండదు, చలికాలం తలుపేసుకోవాలి. "మాకు ఆరు ఋతువులు" అన్నారు మావయ్యగారు. ఆరుకి వాళ్ళ దగ్గర మోడల్ లేదు. నాలుగుతో సర్దుకున్నాం. వేడి పెట్టిన గది కాబట్టి అది ఇంటి విస్తీర్ణంలో కలిసింది, పన్ను పెరిగింది. మిషిగన్‌లో పాత ఇంటి మీద పన్ను ఏటా ఎంత పెరగొచ్చో 1994 నుంచి ఒక హద్దుంది. కొత్తగా కట్టిన దానికి ఆ హద్దు లేదు. అద్దం రెండు పొరలట, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపుతారట. మనం పీల్చే గాలిలో అది ఎలాగూ ఒక శాతం దాకా ఉందని గూగుల్‌లో చూసి మావయ్యగారు బేరమాడబోయారు. కాలనీ సంఘం వాళ్ళు గోడ రంగు గురించి రాసిన ఉత్తరాల జోలికి నేను వెళ్ళను, బీపీ.

గది పూర్తయింది. మావయ్యగారూ అత్తయ్యగారూ తణుకు వెళ్ళిపోయారు. నవంబరు వచ్చింది, మబ్బు పరుచుకుంది. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి కదా, మా గదిలోనూ ఇంచుమించు అదే ఏర్పాటు. ఎప్పుడైనా సాయంత్రం నాలుగింటికి మబ్బు చిరిగి సోఫా కాళ్ళ మీద ఒక కిరణం పడితే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసేది, ఆఫీసు మీటింగులో ఉన్నవాణ్ణి మ్యూటులో పెట్టి పరిగెత్తేవాణ్ణి, అప్పటికి స్వామి వెళ్ళిపోయేవారు. రథసప్తమికి అత్తయ్యగారు వీడియో కాల్ చేశారు. అక్కడ పొద్దున్న ఏడు, మాకు రాత్రి ఎనిమిదిన్నర. డాబా మీద పొయ్యి వెలిగించి పరమాన్నం పొంగిస్తూ ఫోన్ తూర్పుకి తిప్పారు. మా ఆవిడ తన ఫోన్‌ని సన్‌రూమ్ అద్దానికి ఆనించింది. ఆ చలికాలం మా సన్‌రూమ్‌లోకి సూర్యుడు నిండుగా వచ్చింది అదొక్కసారే.

కరివేపాకుకి మాత్రం గది పడింది. వేడి ఉంది, చోటు ఉంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ వర్సాయ్‌లో నారింజ చెట్లని చలికాలం దాచడానికే 1680ల్లో ఒక మహలు కట్టించాడు. తొట్లలో పెట్టిన చెట్లు వెయ్యికి పైనే పడతాయి అందులో. దాన్ని దక్షిణ ముఖంగా కట్టారు, ఆయనకి పేరుబలం చూసేవాళ్ళు లేరు. నారింజ కోసం రాజు చేసిన పని నారింజ చుట్టం కోసం మేం చేశామని మా ఆవిడ అంటుంది. ఈఎంఐ గుర్తొచ్చినప్పుడల్లా నేనూ అదే అనుకుంటాను. మొక్క పిలకలు వేసింది. పిలకలు కుండీలకెక్కాయి. వెలుగు చాలడం లేదని మా ఆవిడ ఎరుపూ నీలమూ కలిసిన మొక్కల లైట్లు తెప్పించి కప్పుకి వేలాడదీసింది. దాంతో చీకటి పడ్డాక మా ఇంటి వెనక భాగమంతా ఊదారంగులో వెలిగేది.

ఫిబ్రవరిలో డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తుంటే పక్కింటాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన.

"చట్టం తెలుసుగా నీకు?"

"ఏ చట్టం?"

"పన్నెండు. ఇంటికి పన్నెండు మొక్కలు, అంతకు మించకూడదు. ఇంకోటి, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడకూడదు. కర్టెన్ వేసుకో."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. 2018లో మిషిగన్ ఓటర్లు గంజాయికి అనుమతిచ్చారు, సొంతానికి ఇంట్లో పెంచుకోవచ్చు. ఊదా లైటు వెలిగే గదిలో వరసగా కుండీలు, కుండీల్లో సన్నటి ఆకులు. ఆయన తప్పు పట్టడం లేదు, ఇరుగుపొరుగు ధర్మంగా హెచ్చరిస్తున్నాడు.

"అయ్యో, అది వంటలో వేసుకునే ఆకండీ" అన్నాను.

"అదే మంచిది. పొగ ఊపిరితిత్తులకి పడదు" అన్నాడు తలూపుతూ. "రోజూ వాడతారా?"

"పొద్దున ఉప్మాలో, మధ్యాహ్నం చారులో, రాత్రి మజ్జిగలో."

ఆయన నన్ను కొత్తగా చూశాడు. "పిల్లలు?"

"వాళ్ళు ఏరి పక్కన పెట్టేస్తారు."

"బుద్ధిమంతులు" అన్నాడు.

లోపలికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఎంతో మర్యాదగా రెండు రెమ్మలు కోసి జిప్‌లాక్ కవర్లో పెట్టి ఇచ్చి రమ్మంది. అనుమానం తీర్చడానికి అంతకంటే పనికిరాని సంచి ఇంకోటి ఉండదని నాకు అనిపించింది గానీ, ఆయన అటూ ఇటూ చూసి కోటు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆదివారం తలుపు తట్టాడు. మొహం కొంచెం చిన్నబోయి ఉంది.

"నేనూ మా ఆవిడా సూప్‌లో వేసుకుని తాగి, టీవీ పెట్టుకుని పది దాకా కూర్చున్నాం" అన్నాడు. "ఏమీ కాలేదు."

"చెప్పాను కదండీ."

"సూప్ మాత్రం..." అని ఆగి, జేబులోంచి ఆ ఖాళీ జిప్‌లాక్ కవరే తీసి ముందుకి చాపాడు. "ఇంకో రెండు ఉంటాయా?"