మా మావ అడిగిన ఇంటర్వ్యూ ప్రశ్నలు

పైలట్ కావడం కష్టమని అందరూ అంటారు. పరీక్షలు పాసై, 200 గంటలు ఎగిరి, బ్యాంకు అప్పు నెత్తికెత్తుకుంటే ఆ ముచ్చట తీరిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగం దొరకడం కష్టం. అంతకంటే కష్టం ఒకేసారి రెండు దొరకడం. ఒకటి దొరికితే ఊరు అభినందిస్తుంది, రెండు దొరికితే సలహా ఇస్తుంది. మాది అరకు లోయ. ఇక్కడ సలహా వట్టి చేతుల్తో రాదు, గ్లాసుడు కాఫీ పట్టుకుని వస్తుంది. అందుకని మధ్యలో లేచిపోవడానికీ వీలుండదు.

నాకొచ్చిన రెండూ ప్రాంతీయ విమాన కంపెనీలే. ఒకటి తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్లు నడిపేది. దానికి ఒకటే ఇంజిను. రెండోది డెబ్బై పైచిలుకు సీట్ల ఏటీఆర్ 72లు నడిపేది. వాటికి రెండేసి ఇంజిన్లు. మా నాన్న ఓటు సీట్లు ఎక్కువున్నదానికి. మా అమ్మ ఓటు ఇంజిన్లు ఎక్కువున్నదానికి. మా తోటలో మిరియాలు కోసే కుర్రాళ్ల ఓటు ఊరి మీదుగా బాగా కిందనుంచి ఎగిరేదానికి. నాతో చదివినవాళ్లు మాత్రం జీతమెంత, బాండు ఎన్నేళ్లు, బేస్ ఏ ఊరు అని పట్టికలు వేసుకుని కూర్చున్నారు.

చివరికి తేల్చింది మా మేనమామ. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరుకి సర్వీసు జీపు నడుపుతాడు. కోచింగ్ సెంటరువాళ్లకి తట్టని ప్రశ్నలన్నీ ఆయన ఓ సంత రోజున, జీపు నిండేలోగా అడిగేశాడు.

"ఒరే అల్లుడూ, బండెవుడిది?"

"కంపెనీది కాదు మావా. చాలావాటికి ఐర్లండులో ఎక్కడో ఓనరుంటాడు. నెలనెలా అద్దె కట్టాలి."

"కట్టకపోతే?"

"వచ్చి పట్టుకుపోతాడు."

"ఫైనాన్సోడన్నమాట," అన్నాడు మావ. ఐర్లండు మీద ఆయనకి ఆ క్షణమే గౌరవం పోయింది.

కంపెనీ నిలబడుతుందా అన్న ఆయన అనుమానం ఉత్తదేమీ కాదు. మనవాళ్ల ప్రాంతీయ విమానాల చరిత్ర చదివితే సంతాప సభకి వెళ్లొచ్చినట్టుంటుంది. 1945లో నిజాం హయాంలో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1981లో పుట్టిన వాయుదూత్ 1993లో అదే గూటికి చేరింది. విజయవాడ నుంచి 2013లో ఎగిరిన ఎయిర్ కోస్టా 2017లో ఆగింది. హైదరాబాదు నుంచి 2015లో ఎగిరిన ట్రూజెట్ 2022లో దిగి మళ్లీ లేవలేదు. నేను ఈ వరసంతా అప్పజెప్పేసరికి మావ బీడీ ఆర్పేశాడు.

"ఇన్ని బళ్లు మూలపడ్డాయంటే డ్రైవర్ల తప్పు కాదురా. కిరాయి గిట్టలేదు. ఇంతకీ టిక్కెట్టెంత?"

ఉడాన్ గురించి చెప్పాను. 2016లో కేంద్రం తెచ్చిన పథకం. మొదట్లో గంట ప్రయాణానికి సుమారు సగం సీట్లు 2,500 రూపాయల లోపే అమ్మాలన్నారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు మన కడప–హైదరాబాద్ విమానానికి కూడా అదే రోజు జెండా ఊపారు. కంపెనీకి నష్టం రాకుండా తేడా సొమ్ము ప్రభుత్వం మూడేళ్లు కడుతుంది.

"మూడేళ్లా! మరి నాలుగో ఏడు ఏటవుతాది?"

నేను నోరు మూసుకున్నాను. ఇదే ప్రశ్న సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా వేసింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో, మూడేళ్ల రాయితీ ముగిశాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 అని లెక్క తేల్చింది. కాగ్‌కి అందుకు పెద్ద నివేదికే కావలసి వచ్చింది. మావకి ఒక్క బీడీ సరిపోయింది.

తర్వాత తొమ్మిది సీట్ల విమానం వంతు. మా పక్కనే కోరాపుట్ జిల్లా జయపురానికి 2022లో ఇలాంటి విమానమే మొదలైంది. కిరండూల్ పాసింజరు సొరంగం సొరంగానికీ చీకట్లో దూరుతూ సగం రోజు తినేసే దారిలో, కొండల మీదుగా ఎగిరి వెళ్లడమంటే నాకు చిన్నప్పటి నుంచీ కల. మావ కలల జోలికి పోలేదు.

"మంచు దిగితే ఏటి సేస్తావు?"

"చిన్న రన్‌వే మావా. కంటికి కనబడితేనే దిగాలి. లేకపోతే వెనక్కి వచ్చేస్తాం."

"బుద్ధిమంతుడివి. మరి ఆ రోజు జీతం?"

నెలకింత అని ఉంటుంది కానీ, ఎగిరిన గంటలని బట్టి వచ్చే అలవెన్సే అసలు రుచి అని చెప్పాను. మావ తలెత్తి గాలికొండ వైపు చూశాడు. అక్కడ కొండ లేదు. పొద్దున్నుంచీ మంచే ఉంది. ఇక ఆయన మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఏటీఆర్ ఖాయమైంది.

ఇక చేరేముందు ఉండే ఆఖరి ఇంటర్వ్యూకి తయారీ. సిలబస్సు అంతా ఇంగ్లీషులో ఉన్నా, నా బుర్రకి ఎక్కింది మాత్రం జీపు భాషలోనే. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు తోక దగ్గరుంటుంది. అందరూ వెనకనుంచే ఎక్కుతారు కాబట్టి, ఆ బరువుకి ముక్కు లేవకుండా తోక కింద ఊతగా ఓ కడ్డీ నిలబెడతారు. కదిలే ముందు మర్చిపోకుండా తీసేయాలి. ఇది చెప్పగానే మావ ముఖం వెలిగిపోయింది.

"మన జీపు ఎనకాల మెట్టు మీద ఏడుగురు ఏలాడితే స్టీరింగు తేలిపోదా? మీవోళ్లు కడ్డీ పెట్టారు. నాను ముందు సీట్లో లావుపాటోణ్ని కూకోబెడతాను."

వెయిట్ అండ్ బ్యాలెన్స్ అనే అధ్యాయం నాకు అక్కడితో కంఠతా వచ్చేసింది. నేల మీద ఉన్నప్పుడు కరెంటుకీ ఏసీకీ ఈ విమానంలో వేరే చిన్న ఇంజిను ఉండదు. కుడి ఇంజిను తిరుగుతూనే ఉంటుంది, దాని ప్రొపెల్లరుకి మాత్రం బ్రేకు వేసి ఉంచుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. "పాటలు ఇనడానికి మనం బండి స్టార్టింగులో ఉంచమా, అదే," అన్నాడు మావ. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నే వచ్చింది. నేను పాటల సంగతి తప్ప మిగతాదంతా చెప్పాను.

ఎయిర్‌పోర్టు పాసు కోసం పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. ఫారంలో ఇంటి ఆనవాలు రాయమంటే మా నాన్న "సిల్వర్ ఓక్ చెట్టు పక్కన" అని రాశాడు. కాఫీకి నీడ కోసం కొండంతా సిల్వర్ ఓకులే. కానిస్టేబుల్ గారు చెట్టు చెట్టుకీ విచారించుకుంటూ సాయంత్రానికి చేరారు. అప్పటికి నా నడవడిక గురించి మూడు ఊళ్ల అభిప్రాయం ఆయన దగ్గరుంది.

అన్నిటికంటే కష్టం ఊదే పరీక్ష. డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదాలి, సున్నా రావాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. సారా సరుకున్న మౌత్‌వాష్ కూడా పుక్కిలించకూడదని 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టింది. చైత్రంలో ఇటుకల పండక్కి ఇంటికొచ్చి జీలుగు కల్లు వద్దనడం ఎంత అపరాధమో ఢిల్లీలో కూర్చుని నిబంధన రాసినవాళ్లకి ఏం తెలుస్తుంది! మా అత్త దుంపలుడికే ఎసరు మీద ఒట్టేసి, "ఇది మందు కాదు, చెట్టు నీళ్లు" అంది. నేను డీజీసీఏ పేరు చెప్పాను. "ఆళ్లమ్మాయిని గాని సేసుకుంటావేటి?" అని అడిగింది.

జాయినింగ్ లెటర్ వచ్చింది. బయల్దేరే ముందు మావకి చదివి వినిపించాను. రాజీనామా చెయ్యాలంటే ఆరు నెలల ముందు చెప్పాలన్న దగ్గర నవ్వాడు. మా జీపు డ్రైవర్లయితే పొద్దున తాళాలిచ్చేసి మధ్యాహ్నానికి ఇంకో ఓనరు బండి తోలతారు. చివర్న ఇంకొకటే అడిగాడు.

"సీట్లు నిండకపోతే ఎంతసేపు ఆపుతారు?"

"ఆపరు మావా. టైముకి బయల్దేరిపోవాలి. పది మంది ఉన్నా సరే."

నా వంక అదోలా చూశాడు. అద్దె, రాయితీ, మంచు అన్నీ అరిగించుకున్న మనిషికి ఇది మాత్రం గొంతు దిగలేదు.

"ఒరే, ఖాళీ బండి తోలే కంపెనీ ఎన్నాళ్లుంటాదో నాను సెప్పలేను గానీ, నీ జీపు లైసెన్సు మాత్రం మురిగిపోనీకు."

మర్నాడే వెళ్లి రెన్యువల్ చేయించుకున్నాను.